పసివానికి ఇద్దరు గురువులు

మూడేండ్ల బిడ్డ మొదటిసారిగా ఇల్లు విడిచి బడిగడప త్రొక్కిన దినము ఏ కుటుంబమైనను మరచునది కాదు. బిడ్డ తల్లి కొంగు వదలదు. వదలినను గుమ్మమువంకనే చూచుచుండును. టీచరు బుజ్జగించును, ఆయా ఎత్తుకొనును, తల్లి వీధి మలుపు తిరిగి కనుమరుగగును. అరగంటలో ఏడుపు అణగును. ఇంతటితో పని ముగిసినదని పెద్దలు ఊపిరి పీల్చుకొందురు. నిజమునకు అప్పుడే యొక సమస్య మొదలగుచున్నది. ఆ బిడ్డను గూర్చి మూడేండ్లుగా తల్లి యెరిగిన సంగతులన్నియు గుమ్మము వెలుపల నిలిచిపోయినవి. నేటినుండి బడిలో జరుగబోవు సంగతులన్నియు గుమ్మము లోపలనే నిలిచిపోవును. ఈ రెండు ఎరుకలను కలుపువా రెవరు?

ఈ ప్రశ్నను మన నెల్లూరు సీమలోని బోగోలు ప్రాంతమున నిలిచి విచారింతము. కావలికి దక్షిణముగా జాతీయ రహదారిపై నున్న మండల కేంద్రమిది. చెంతనే బిట్రగుంట స్టేషను. ఒకప్పుడు ఆవిరి యింజనుల షెడ్డుతో పేరుపొందిన రైల్వే కాలనీ యచట నున్నది. తూర్పునకు పోయినచో జువ్వలదిన్నె మొదలగు సముద్రతీర గ్రామములు. నడుమ వరిమళ్లు, రొయ్యల చెరువులు. రైలు కూతనుబట్టి ప్రొద్దు లెక్కించు ఇల్లు, నాట్లనుబట్టి లెక్కించు ఇల్లు, అలలనుబట్టి లెక్కించు ఇల్లు, మూడును ఒక్క మండలములో నున్నవి. ఈ ఇండ్ల పసిపిల్లలకు నడచి పోదగినంత దూరములో నుండు మొదటి బడి సామాన్యముగా అంగన్‌వాడీ కేంద్రమే.

అంగన్‌వాడీ యను మాట మనకు నిత్యము చెవిని పడుచున్నను, దాని యర్థమును తలచువారు తక్కువ. అంగనమనగా ముంగిలి. ఆ పేరు వెనుక నొక చరిత్ర యున్నది. గుజరాతు దేశమున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించి, బెత్తము లేని చదువును పసివారికి పరిచయము చేసెను. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరమునందలి బోర్డీ గ్రామమున బాలవాడిని నెలకొల్పినది. పేదవాడలనుండి పిల్లలు ఆ బాలవాడికి సరిగా రాకుండిరి. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని ఆమె విసుగుకొనలేదు. పిల్లలు బడికి రానిచో బడియే పిల్లల యొద్దకు పోవలెనని నిశ్చయించి, ఆ వాడలలోనే, వారి ఇండ్ల ముంగిళ్లలోనే, పాటలు, ఆటలు, శుభ్రత నేర్పు ఏర్పాటు చేసినది. తల్లులు గడపలో కూర్చుండి తమ పనులు చేసికొనుచునే ఆ చదువును చూడగలిగిరి. ముంగిటి బడి యను భావన కిది యొక మూలము.

ఈ చరిత్రలో తెలుగువారి పాలును స్వల్పము కాదు. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనది. ఆ మండలి 1954లో గ్రామములయందు ఆరంభించిన సంక్షేమ విస్తరణ పథకములలో బాలవాడి యొక ముఖ్యాంగము. తరువాత 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము దేశమున 33 ప్రాంతములలో మొదలై, క్రమముగా పల్లెపల్లెకు వ్యాపించినది. పౌష్టికాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, ఆసుపత్రికి సిఫారసు, తల్లులకు ఆహారారోగ్య బోధన, బడికి ముందటి విద్య: ఈ ఆరు సేవలును ఆ పథకమునకు ఆరు కాళ్లు.

ఈ జాబితాను కొంచెము నిదానించి చూచినచో నొక సంగతి తోచును. తల్లికి బోధించుట యిందున్నది. తల్లి చెప్పునది వినుట అను సేవ యేదియు లేదు. కుటుంబమునకు ఇచ్చుట కలదు. కుటుంబమునుండి పుచ్చుకొనుట వ్రాయబడలేదు. వ్రాయకపోయినను చేయు టీచర్లు ఎందరో యున్నారు. అయినను వ్రాయబడని పని తీరిక యున్నప్పుడే జరుగును, లేనప్పుడు జారిపోవును. మేమీ వ్యాసమున చెప్పదలచినది ఈ లోటును గూర్చియే.

ఈ లోటు రెండు వైపులనుండియు పెరుగును. సాయంకాలము బిడ్డ ఇల్లు చేరగనే పెద్దలడుగు మొదటి ప్రశ్న, “ఈ దినము గ్రుడ్డు పెట్టినారా?” అని. “ఏమి ఆడుకొంటివి? ఏ కథ వింటివి?” అని యడుగువారు అరుదు. గ్రుడ్డును, పాలును, పప్పును తక్కువచేసి చూడరాదు. ఆకలి గొన్న బిడ్డకు ఏ పాటయు వినబడదు. కాని కేంద్రము భోజనశాల యొక్కటియే యను తలంపు ఇంట స్థిరపడినచో, చదువుకొరకు వేరొక చోటు వెదకుట మొదలగును. “అక్కడ అక్షరములు దిద్దించుట లేదు, ఊరక ఆడించుచున్నారు” అని, అప్పో సప్పో చేసి బిడ్డను ఎల్‌కేజీ అను పేరున నున్న కాన్వెంటులో చేర్తురు. నాలుగేండ్ల వ్రేళ్లు పెన్సిలును బిగబట్టి గీతలు గీయుటకు సిద్ధముగా నున్నవో లేవో ఎవరును విచారింపరు.

ఇందులో తల్లిదండ్రుల తప్పెంత? ఆట యెందుకు చదువగునో వారికి చెప్పినవారు లేరు. ఇసుకను ఒక డబ్బానుండి మరియొక డబ్బాలో పోయు బిడ్డ ఎక్కువ తక్కువలను నేర్చుచున్నది. గవ్వలను, నత్తగుల్లలను వేరు కుప్పలుగా పేర్చు బిడ్డ లెక్కకు పునాది వేసికొనుచున్నది. పాటలో ఒకే శబ్దము మరల మరల వచ్చుటను వినుచున్న చెవి, రేపు అక్షరములను వేరుచేసి పోల్చుకొనును. ఆరేండ్ల లోపుననే మెదడు ఎదుగుదలలో నూటికి 85 పాళ్లకు పైగా జరిగిపోవునని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. ఈ సంగతులు టీచరు శిక్షణలో వినియున్నది, తల్లి వినలేదు. వినని తల్లికి ఆట ఆటగానే కనబడును.

రెండవ వైపు చూతము. ఇంటి సంగతి బడికి తెలియకపోయినచో ఏమగునో ఒక ఉదాహరణముచే గ్రహింపవచ్చును. తీరగ్రామపు పిల్లవా డొకడు రెండు నెలలుగా కేంద్రమునకు వచ్చుచున్నాడనుకొందము. టీచరు పిలిచిన పలుకడు. పాటలో గొంతు కలుపడు. మూలకు కూర్చుండి చూచుచుండును. వీడు మందుడని టీచరు తలచును. నెల్లూరు తీరమునందలి పట్టపువారి ఇండ్లలో వినవచ్చు పలుకుబడి తమిళమునకు దగ్గరి చుట్టము. ఆ ఇంటి బిడ్డ కేంద్రమున విను తెలుగు, వానికి సగము తెలిసిన భాష. ఇంటివద్ద అవ్వ ఒడిలో వాడు ప్రొద్దుగుంకు వరకు నోరు మూయడు. తాత అల్లు వలకు ముడులెన్నియో చెప్పును. ఒడ్డుకు వచ్చిన పడవ యెవరిదో దూరమునుండియే పోల్చును. టీచరు ఒక్కసారి ఆ ముంగిట పది నిమిషములు కూర్చున్నచో వాని మౌనమునకు కారణము విడిపోవును. నీళ్లు, ఆకలి, నొప్పి, భయము, అమ్మ యను మాటలను ఆ ఇంటి పలుకుబడిలో ఎట్లందురో అవ్వ నడిగి తెలిసికొని, మరునాడు ఆ మాటతో బిడ్డను పలుకరించినచో, ఆ మూల ఖాళీయగుటకు ఎంతో కాలము పట్టదు.

చెరువుల గట్లపై కాపురముండు యానాది కుటుంబముల సంగతియు ఇట్టిదే. పని యెచట దొరకిన నచటికి పోవలసిన ఇండ్లవి. బిడ్డ నెల దినములు రాకపోయినచో రిజిస్టరులో గైరుహాజరు గీతలు పడును. ఏ గట్టుకు పోయిరో, ఎప్పుడు వత్తురో ఒక మాట ముందుగా తెలిసియున్నచో, చేరువలోని మరియొక కేంద్రమునకు బిడ్డను అప్పగించుటకు వీలగును. టీకా తేది తప్పిపోదు. ఆ మాట చెప్పుటకు తల్లికి ధైర్యము కావలెను. ధైర్యము రావలెనన్నచో, గడప యావల నిలబడి మాట్లాడి పోవు ఆమెను టీచరు లోపలికి పిలిచి కూర్చుండబెట్టవలెను. తల్లిని వాకిట నిలబెట్టిన బడిలో బిడ్డయు సగము వాకిటనే యుండును.

ఇంటినుండి బడికి రావలసిన ఎరుక యిది. బడినుండి ఇంటికి పోవలసిన ఎరుకయు నున్నది. దానికి బొమ్మలు కొననక్కరలేదు, పుస్తకములు కొననక్కరలేదు. ఒడ్డున వల దులిపి నెత్తళ్లను ఒక గంపలోనికి, కానాగంతలను మరియొక గంపలోనికి ఏరు తల్లి, ఆ పని చేయుచునే బిడ్డతో మాటలాడినచో చాలును. “ఇది పెద్దది, ఇది చిన్నది, ఇది యే గంపలోనిది? ఇంకెన్ని యున్నవి?” అను నాలుగు ప్రశ్నలు ఒక పూట పాఠమగును. వరిమడి చెంత కొంగలను లెక్కించుటయు, రైలుగేటు వద్ద పెట్టెలను లెక్కించుటయు పాఠములే. ఇంటి పనియే బిడ్డకు పలకయని తల్లికి తెలియజెప్పుట టీచరు వంతు. అట్లే బరువు తూచినప్పుడు, పెరుగుదల పటములోని గీత యెందుకు వంగినదో తల్లికి చూపి చెప్పవలెను. “నీవు సరిగా పెట్టుట లేదు” అని గద్దించినచో ఆ తల్లి వచ్చే నెల తూకమునకు రాదు. “పోయిన నెల జ్వరము వచ్చినదా?” అని యడిగినచో కూర్చుండి వివరము చెప్పును.

ఇక వేళల సంగతి. తల్లుల సమావేశము పగటి పదకొండు గంటలకని కబురు పంపుట మామూలు. ఆ వేళకు పడవలు తెచ్చిన చేపలతో మత్స్యకార స్త్రీ అంగటిలో నుండును. కూలి తల్లి మడిలో వంగియుండును. సమావేశమునకు వచ్చినవారు నలుగురు. “తల్లులకు ఆసక్తి లేదు” అని వ్రాసికొందురు. లోటు తల్లిలో లేదు, గడియారములో నున్నది. అంగన్‌వాడీ టీచరు విధులలో గృహసందర్శన మెట్లును కలదు. దానిని రిజిస్టరు నింపుకొను పనిగా గాక, దీపాలు పెట్టు వేళకు ముంగిట కొంతసేపు కూర్చుండి మాటలాడు పనిగా మార్చుకొన్నచో, నలుగురి సమావేశము నలువది యిండ్ల సమావేశమగును.

తండ్రుల నెప్పుడు పట్టుకొనుట యను ప్రశ్నకు ఈ తీరమే యొక జవాబు నిచ్చుచున్నది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలపై వేట నిషేధింపబడును. పడవలు ఒడ్డున నుండును, వలలు బాగుచేయబడుచుండును, సంవత్సరములో తండ్రి ఇంటి పట్టున నుండు కాలమిదే. కుటుంబమునకు రాబడి తగ్గిన కష్టకాలమను మాట నిజము. అయినను ఎండకాలపు సెలవులు పోను మిగిలిన దినములలో ఒక తండ్రి కేంద్రమునకు వచ్చి, వలముడి యెట్లు వేయుదురో పిల్లలకు చూపుటకు ఖర్చేమియు లేదు. ఆ దినము బిడ్డ కన్నులలో తండ్రి గురువగును. తండ్రి కన్నులలో ఆ బడి తన బడి యగును. సముద్రముపై గాలినిబట్టి దిక్కు తెలిసికొను మనిషి, తనకు చదువు రాదని బడివైపు చూడకుండుట ఎంత చిత్రము!

ఇది యంతయు మంచి మాటలే గాని, దీనివలన ఫలమున్నదాయని కొందరు సందేహింపవచ్చును. ఫలమును ఓపికతో కొలిచినవారున్నారు. జమైకా ద్వీపమున కింగ్‌స్టన్ నగరములో 1986, 1987 సంవత్సరములలో, ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిబిడ్డలను గైకొని శాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ బృందము ఒక పరిశోధన జరిపినది. కొందరి ఇండ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారమునకొక గంట చొప్పున రెండేండ్లు పోయి, ఇంటిలో దొరకు వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఆడించుట తల్లికి అలవాటు చేసిరి. ఇరువది యేండ్ల తరువాత చూడగా, ఆ ఇండ్ల పిల్లలు పెద్దవారై, అట్టి సందర్శన లభింపనివారికంటె నూటికి 25 పాళ్లు ఎక్కువ సంపాదించుచుండిరి. కార్యకర్త గంట తరువాత వెడలిపోయెను. తల్లి నేర్చినది మాత్రము ఇంటనే నిలిచినది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ఇప్సిలాంటి పట్టణమున 1962 నుండి 1967 వరకు జరిగిన పెర్రీ శిశుపాఠశాల ప్రయోగములోను టీచర్లు ఉదయము బడి నడిపి, వారమునకొకసారి గంటన్నరసేపు ప్రతి ఇంటికిని పోవుచుండిరి. ఆ పిల్లలను నలువది యేండ్ల వయసువరకు గమనించి, వారి బ్రతుకు తీరున మేలును కనుగొనిరి.

తల్లిదండ్రులే ముందడుగు వేసిన కథ ఇటలీలో నున్నది. 1945లో యుద్ధము ముగియగా, రెజ్జో ఎమీలియా నగరము చెంతనున్న విల్లా చెల్లా గ్రామస్థులు, శత్రుసేన వదలిపోయిన యొక టాంకును, కొన్ని లారీలను, గుఱ్ఱములను అమ్మి ఆ సొమ్ముతో పసిపిల్లల బడి కట్టుకొనిరి. లోరిస్ మలగూజ్జి యను యువ ఉపాధ్యాయుడు ఆ వార్త విని సైకిలుపై వచ్చి చూచి, వారితో కలిసిపోయెను. నేడు ప్రపంచమంతయు పేరు చెప్పుకొను శిశువిద్యా పద్ధతి యొకటి ఆ బడి యిటుకలనుండి పుట్టినది.

మన దేశమునను ఈ దిశగా అడుగులు పడినవి. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యావిధానము తల్లిదండ్రులను, సమాజమును భాగస్వాములుగా పేర్కొన్నది. అంగన్‌వాడీలలో నెలకొక దినమును తల్లిదండ్రులకొరకు కేటాయించి, పిల్లలు చేసిన పనులను వారికి చూపు పద్ధతి యేర్పడినది. 2023లో పోషణ్ భీ పఢాయీ భీ యను పేర, పోషణతోపాటు చదువును గూర్చియు టీచర్లకు శిక్షణ మొదలైనది. ఉత్తరువులు సరియే. కాని ఉత్తరువు గడపవరకు తేగలదు. గడప దాటించునది మనుష్యుల మధ్య నమ్మకమే.

ఈ సందర్భమున టీచరు పక్షమునను ఒక మాట చెప్పుట న్యాయము. వంట సామగ్రి లెక్క, తూకముల లెక్క, గర్భిణుల లెక్క, టీకాల లెక్క, వీనితోపాటు 2021 నుండి పోషణ్ ట్రాకర్ యను ఫోను యాప్‌లో ఎక్కింపవలసిన వివరములు, అన్నియు ఆమె తలపై నున్నవి. ఆమెకు లభించునది జీతము కాదు, గౌరవ వేతనము. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు వేతనము పెంపు మొదలగు కోర్కెలతో సమ్మెకు దిగి, 2024 జనవరి వరకు నలువది దినములకు పైగా వీధిలో నుండిరి. పొత్తు అనగా టీచరు మోయు గంపలో మరియొక బరువు వేయుట కారాదు. గంపకు రెండవ ప్రక్క చేయి వేయుట కావలెను. తల్లుల కమిటీ సంతకముల కమిటీగా గాక, సరకు తూకము చూచి, కారు పైకప్పును గూర్చి పంచాయతీ నడిగి, వారమునకొక అవ్వను కథ చెప్పుటకు పంపగలిగినచో, టీచరుకు గంట తీరిక దొరకును. ఆ గంట పిల్లలకే చెందును.

రేడియో పెట్టె ముందు కూర్చుండు గృహస్థులకు ఈ విషయము క్రొత్తది కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మదరాసు రేడియోనుండి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా తెలుగు పిల్లలను పలుకరించిన కాలమున, పిల్లవాని ప్రక్కనే ఇంటిల్లిపాదియు కూర్చుండి వినెడివారు. ఆ కార్యక్రమపు బలమెల్ల అందే యున్నది. బిడ్డ విన్నది తల్లియు విన్నది. కనుక మరునాడు ఆ పాటను ఇంట ఇద్దరును కలిసి పాడుకొనిరి. నేడు బిడ్డ కేంద్రమున విన్న పాట తల్లికి తెలియదు. తల్లి పాడు జోలపాట టీచరుకు తెలియదు. ఒకరి పాట ఒకరికి చేరినచో బిడ్డకు రెండు లోకములు ఒక్కటగును.

ఇందుకు పెద్ద సన్నాహ మక్కరలేదు. ఉదయము బిడ్డను దింపునప్పుడు ఒక నిమిషము, సాయంకాలము తీసికొని పోవునప్పుడు ఒక నిమిషము చాలును. ఉదయపు నిమిషము తల్లిది: “రాత్రి సరిగా నిద్రపోలేదు, వాళ్ల నాయన వేటకు పోయినాడని బెంగపెట్టుకొన్నాడు” అని చెప్పును. సాయంకాలపు నిమిషము టీచరుది. ఆమె మొదటి మాట ఫిర్యాదు కాక, ఆ దినము బిడ్డ చేసిన యొక మంచి పని కావలెను: “ఈ దినము మీవాడు గవ్వలను పదివరకు పేర్చినాడమ్మా; తనకంటె చిన్నపిల్లకు సాయముకూడ చేసినాడు.” ఈ మాట విన్న తల్లి ఇంటికి పోవు దారిలో బిడ్డ నేమి యడుగునో మనము ఊహింపవచ్చును. ఆ దినము ఆమె అడుగు మొదటి ప్రశ్న గ్రుడ్డును గూర్చి యుండదు.